ప్రివ్యూ చూస్తే చాలు, "ప్రింటయింది" అనుకునే రిపోర్టు

ఈ వారం ఎపిసోడ్‌లో మైక్రోసాఫ్ట్ యాక్సెస్ రిపోర్టుల గురించి మాట్లాడాను. కారు నడుపుతూ వినేవాళ్ళు నోట్సు రాసుకోలేరు కాబట్టి, ఆ భాగం ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

మా ఊరి తెలుగు సంఘానికి విరాళాల రసీదులు నేనే తీస్తుంటాను. అమెరికాలో 250 డాలర్లు, ఆపైన ఒకేసారి ఇచ్చిన విరాళానికి పన్ను మినహాయింపు కావాలంటే సంస్థ ఇచ్చిన రసీదు ఉండి తీరాలి. అదీ రిటర్ను వేసేలోపే చేతికి రావాలి. ఆలస్యమైతే నష్టపోయేది ఇచ్చినవాళ్ళే.

నేను చేసిన తెలివైన పని ఏంటంటే, రిపోర్టులోని డీటెయిల్ సెక్షన్‌కి "ఆన్ ప్రింట్" ఈవెంట్‌లో చిన్న కోడ్ పెట్టాను. రసీదు ప్రింటవ్వగానే ఆ రికార్డులో తేదీ పడుతుంది, మళ్ళీ లిస్టులోకి రాదు. జనవరిలో ఒక సాయంత్రం ప్రివ్యూ తెరిచి, పేజీలన్నీ తిప్పి చూసి, రేపు ప్రింట్ చేద్దాంలే అని మూసేశాను. మర్నాడు చూస్తే లిస్టు ఖాళీ! ఇంట్లో ఇంకెవరో ప్రింట్ చేసి పోస్టులో వేసేశారు అనుకున్నాను. మార్చిలో ఒక పెద్దావిడ ఫోన్ చేసి "బాబూ, నా రసీదు ఇంకా రాలేదు, మా టాక్సాయన అడుగుతున్నాడు" అనేదాకా తెలీలేదు. ఎవరికీ వెళ్ళలేదు!

తప్పు యాక్సెస్‌ది కాదు, నాదే. "ఆన్ ప్రింట్" అంటే కాగితం బయటికొచ్చాక అని కాదు. పేజీని గీసే ముందు అని. ప్రింట్ ప్రివ్యూలో తెరమీద గీసినా ఆ ఈవెంట్ నడుస్తుంది. వెనక్కి వెళ్ళి అదే పేజీ మళ్ళీ చూస్తే మళ్ళీ నడవొచ్చు. యాక్సెస్ 2007లో వచ్చిన రిపోర్ట్ వ్యూలో మాత్రం అసలు నడవదు. పోనీ నిజంగా ప్రింట్ చేసినా, పనిని విండోస్ చేతికి ఇచ్చేదాకే యాక్సెస్ బాధ్యత. కాగితం ఇరుక్కుందా, ఇంకు అయిపోయిందా అన్నది దానికి తెలీదు. తెలిసేది ప్రింటర్ పక్కన నిలబడ్డ మనిషికే.

అందుకే ఇప్పుడిలా చేస్తున్నాను.

1. రిపోర్టులో డేటా మార్చే కోడ్ ఏదీ ఉంచను. రిపోర్టు చూపించాలి, అంతే.

2. ముందుగా, రసీదు వెళ్ళని రికార్డులన్నింటికీ ఒక విడత నంబరు వేస్తాను. రిపోర్టు ఆ నంబరున్నవే చూపిస్తుంది.

3. ఫారం మీద రెండు బటన్లు: "చూడు", "ప్రింట్ చెయ్యి". రెండూ వాడేది ఓపెన్ రిపోర్ట్ కమాండే. మొదటిదానికి వ్యూ ప్రివ్యూ అని ఇవ్వాలి. ఏమీ ఇవ్వకపోతే నేరుగా ప్రింటర్‌కే పోతుంది, జాగ్రత్త.

4. ప్రింట్ పంపాక "కాగితాలన్నీ సరిగ్గా వచ్చాయా?" అని ఒక మెసేజ్ బాక్స్. కాగితాలు చేతిలోకి తీసుకుని లెక్కపెట్టాకే "అవును" నొక్కాలి. అప్పుడే అప్‌డేట్ క్వెరీ నడిచి ఆ విడతకి తేదీ పడుతుంది. "కాదు" అంటే ఆ విడత అలాగే ఉంటుంది.

ఎవరైనా ప్రివ్యూలోంచే కంట్రోల్ పీ కొడితే? తేదీ పడదు, ఒకరికి రసీదు రెండుసార్లు వెళ్తుంది. రెండిట్లోనూ రసీదు నంబరు ఒకటే కాబట్టి గొడవ లేదు. అసలు వెళ్ళకపోవడం కన్నా అది నయం కదా!

ఇంకో రెండు చిన్న విషయాలు. రికార్డులు లేనప్పుడు ఖాళీ రసీదు రాకుండా "ఆన్ నో డేటా"లో క్యాన్సిల్ చెయ్యండి. అప్పుడు బటన్ కోడ్‌లో 2501 ఎర్రర్ వస్తుంది, దాన్ని పట్టుకుని వదిలేస్తే చాలు. పేజీ పేజీకీ మధ్య తెల్లకాగితం వస్తుంటే వెడల్పు చూడండి: లెటర్ కాగితం 8.5 అంగుళాలు, అటూ ఇటూ అరంగుళం మార్జిన్ పోతే రిపోర్టు 7.5 దాటకూడదు.

మీ దగ్గర ఇలాంటి ఫైలుంటే ఇవాళే ఒక కాపీ తీసి, అందులో ప్రివ్యూ తెరిచి మూసి, టేబుల్ చూడండి. ఏదైనా మారిందంటే, మీ రసీదులు కూడా ఎక్కడో ఆగిపోయి ఉండొచ్చు.