వాన పడితే మొరాయించే పాత కారు: జబ్బు ఇంటి దగ్గరే పట్టుకోవడం ఎలా?

ఈ రోజు ఎపిసోడ్ మా నాన్నగారి కారు గురించి. 1998 మోడల్, మూడు సిలిండర్లు, కార్బొరేటర్ బండి. ఎండాకాలం అంతా బంగారంలా నడుస్తుంది. నాలుగు చినుకులు పడ్డాయా, ఇక అంతే. పొద్దున్నే సెల్ఫ్ కొడుతూనే ఉండాలి. స్టార్ట్ అయినా వణుకుతుంది, యాక్సిలరేటర్ తొక్కితే జర్కులు, పికప్ సున్నా. పావుగంట నడిచాక మాత్రం ఏమీ ఎరగనట్టు మామూలైపోతుంది.

నాన్న నవ్వేసేవారు. "దీనికీ నాలాగే వానాకాలం మోకాళ్లు పట్టేస్తాయిరా" అని. కానీ పోయిన జూలైలో ఒక రాత్రి, అమ్మని స్టేషన్ నుంచి తీసుకొస్తుంటే, జోరు వానలో రైల్వే గేటు దాటీ దాటగానే బండి ఆగిపోయింది. పది అడుగులు ముందు ఆగి ఉంటే? ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. తెల్లారేసరికి నాన్న "తుక్కుకి ఇచ్చేద్దాం" అన్నారు. అప్పటికే కార్బొరేటర్ రెండుసార్లు విప్పించాం. ఫలితం లేదు.

తప్పు మెకానిక్‌ది కూడా కాదు. ఎందుకో చూడండి. షెడ్డు మా ఇంటికి పావుగంట దూరం. బండి అక్కడికి చేరేసరికి ఇంజిన్ వేడెక్కి, తడి ఆరిపోయి, జబ్బు మాయం! నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు రోజూ వినే మాటే ఇది: "నా సిస్టమ్‌లో బాగానే రన్ అవుతోందే!" బగ్ కళ్ల ముందు కనబడకుండా ఫిక్స్ చేస్తే అది గుడ్డెద్దు చేలో పడ్డట్టే. అందుకే ముందు జబ్బుని మనమే రప్పించాలి.

క్లూ ఏంటి? తడిస్తే వస్తోంది, వేడెక్కితే పోతోంది. అంటే ఏదో ఆరుతోంది. ఇంజిన్‌లో తడి అంటే పడనిది ముఖ్యంగా ఒకటుంది, హై వోల్టేజ్ కరెంటు. బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులే. దాన్ని ఇగ్నిషన్ కాయిల్ వేల వోల్టులకి పెంచుతుంది, 20 వేల దాకా కూడా వెళ్తుంది. అక్కడి నుంచి డిస్ట్రిబ్యూటర్ క్యాప్, లోపల తిరిగే రోటర్, ప్లగ్ వైర్లు, చివరికి స్పార్క్ ప్లగ్. ఏళ్లు గడిచేకొద్దీ వైర్ల రబ్బరు పగుళ్లిస్తుంది, పైన దుమ్ము, ఆయిల్ పేరుకుంటాయి. పొడిగా ఉన్నంతసేపు పర్వాలేదు. తడిసిందా, ఆ మురికే కరెంటుకి దారైపోతుంది. సన్నటి తుంపర్లో కరెంటు స్తంభాల మీద చిటచిటలు విన్నారు కదా? అదే కథ. ప్లగ్ దాకా వెళ్లాల్సిన స్పార్క్ మధ్యలోనే ఇంజిన్ బాడీలోకి దిగిపోతుంది. ఆ సిలిండర్ మండదు. దాన్నే మెకానిక్‌లు "మిస్సింగ్" అంటారు.

నేను చేసిన పొరపాటు కూడా చెప్తాను. మొదట మల్టీమీటర్ పట్టుకుని మూడు వైర్ల రెసిస్టెన్స్ చూశాను. మూడూ ఓకే! వైర్లు బాగున్నాయనుకున్నా. కానీ మీటర్ చూసేది లోపలి తీగనే. పై తొడుగు వేల వోల్టుల్ని ఆపుతోందా లేదా అన్నది దానికి తెలియదు.

అసలు టెస్ట్ ఇది. చీకటి పడ్డాక బండి ఆరుబయట పెట్టండి. మూసిన గ్యారేజీలో వద్దు, పొగ ప్రాణం తీస్తుంది. న్యూట్రల్, హ్యాండ్‌బ్రేక్. పెట్రోల్ వాసన గానీ లీకు గానీ ఉంటే ఈ టెస్టే చేయొద్దు. ఇంజిన్ ఆన్ చేసి, బానెట్ ఎత్తి, ఇస్త్రీకి వాడే స్ప్రే బాటిల్‌తో దూరం నుంచి వైర్ల మీద సన్నగా నీళ్లు కొట్టండి. ఒక్కోసారి ఒక్క చోటే. సైలెన్సర్ పైపు వైపు, ఆల్టర్నేటర్ మీద వద్దు. చున్నీ, వదులు చొక్కా ఫ్యాన్‌కి దూరంగా ఉండాలి. వైర్లని అస్సలు ముట్టుకోవద్దు, పీకి చూడొద్దు.

మాకు రెండో సిలిండర్ వైర్ మీద కొట్టగానే టిక్ టిక్ అని చప్పుడు, నీలం రంగు మెరుపులు, ఇంజిన్ వణుకు. నాన్న పక్కనే ఉన్నారు. "ఒరేయ్, ఆపు ఆపు, ఇదే!" అన్నారు. ఇంజిన్ ఆపి, చల్లారాక క్యాప్ విప్పితే లోపల వెంట్రుకంత నల్లటి గీత. అది కరెంటు కాల్చిన దారి. తుడిస్తే పోదు, క్యాప్ మార్చాల్సిందే. వైర్ల సెట్, క్యాప్, రోటర్, అన్నీ కలిపి కార్బొరేటర్‌కి పెట్టిన దానికన్నా తక్కువే అయింది. కొత్తవి వేశాక మళ్లీ అదే స్ప్రే కొట్టాం. మెరుపు లేదు, వణుకు లేదు. ఈ రెండో టెస్ట్ మర్చిపోవద్దు.

దారిలో ఆగిపోతే? ఇంజిన్ ఆపి, క్యాప్, వైర్లు పొడి గుడ్డతో తుడవండి. డబ్ల్యూడీ-40 పేరులోని "డబ్ల్యూడీ"కి అర్థమే నీటిని తోసేయడం. అది కొడితే మాత్రం పూర్తిగా ఆరాకే స్టార్ట్ చేయండి, అంటుకునే గుణం ఉంది. ఇది ఇంటికి చేరడానికే, వైద్యం కాదు.

స్ప్రేకి జబ్బు రాకపోతే వేరే చోట చూడాలి. వానలో కీచుమని అరుస్తూ బ్యాటరీ లైట్ వెలిగితే బెల్ట్ జారుతున్నట్టు. ఎయిర్ ఫిల్టర్ కాగితం తడిసి ముద్దయితే గాలి అందదు. వాన వెలిసి, ఇంజిన్ వేడెక్కినా జర్కులు పోకపోతే పెట్రోల్‌లో నీళ్లేమో చూడండి. ఇప్పుడు పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. నీళ్లు ఎక్కువైతే ఇథనాల్ వాటితో కలిసి ట్యాంకు అడుక్కి దిగుతుంది. మూత వాషర్ చెక్ చేయండి. కొత్త బండ్లలో స్కానర్ పెడితే పీ0301, పీ0302 లాంటి కోడ్‌లే ఏ సిలిండర్ మిస్ అవుతోందో చెప్తాయి.

ఒక్క హెచ్చరిక. బండి వరద నీళ్లలో మునిగి ఆగితే ఇవేవీ చేయొద్దు, సెల్ఫ్ అసలు కొట్టొద్దు. సిలిండర్‌లోకి నీళ్లు వెళ్లి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. తోయించుకుని పక్కకి తీసేయండి.

మా బండి తుక్కుకి వెళ్లలేదు. మొన్న వానలోనే నాన్న, అమ్మ అదే గేటు దాటి ఊరెళ్లొచ్చారు. మోకాళ్లు మాత్రం ఇప్పుడు ఆయనకే పట్టేస్తున్నాయి. సరే ఫ్రెండ్స్, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. జాగ్రత్తగా నడపండి.