స్విచ్ వేసిన ఆ క్షణం

సిడ్నీ శివారు టూంగాబీలో కరెంటు పోవడం అరుదు. పోయిందంటే, మా వీధి స్తంభం మీది ట్రాన్స్‌ఫార్మర్ రొద ఆగినట్టే. 50 హెర్ట్జ్ కరెంటుకి లోపలి ఉక్కు రేకులు సెకనుకి 100 సార్లు సన్నగా సాగి ముడుచుకోవడమే ఆ రొద.

గ్రిడ్ కుప్పకూలితే ఏమవుతుందో కంప్యూటర్లో ముందే నడిపి చూసే ఇంజనీర్లు మామూలు లెక్కల్లో ఈ డబ్బాని ఒక నిష్పత్తిగానే చూస్తారు: 11,000 వోల్టులు లోపలికి, 400 బయటికి, కాస్త ఇంపీడెన్స్. ఏ లైను మీద ఎంత లోడు పడుతుందో చూడ్డానికి అంత చాలు. పోయిన కరెంటుని తిరిగి తెచ్చేటప్పుడు చాలదు.

కరెంటు తెగినప్పుడు కొంత అయస్కాంతత్వం ఆ రేకుల ఇనుములో ఉండిపోతుంది. మళ్ళీ స్విచ్ వేసే వేళకి వోల్టేజి సరిగ్గా సున్నా దాటుతుంటే, ఇనుములోని అయస్కాంత ప్రవాహం (ఫ్లక్స్) మామూలు గరిష్ఠానికి రెట్టింపు దాకా ఎగబాకుతుంది. పాత అయస్కాంతత్వం అదే దిక్కున ఉంటే ఇంకా పైకి. ఇనుము అంత మోయలేదు, సంతృప్తమైపోతుంది. దాని మీది తీగచుట్ట దాదాపు వట్టి రాగి తీగలా మారి, రేటింగ్‌కి ఎన్నో రెట్లు కరెంటు లాగేస్తుంది. ఇనుములో ఏమీ మిగల్లేదనుకుంటే, వోల్టేజి శిఖరాన ఉండగా వేసిన స్విచ్‌కి ఈ గొడవే లేదు. తేడా 5 మిల్లీసెకన్లు!

2016 సెప్టెంబరు 28న దక్షిణ ఆస్ట్రేలియాలో తుఫానుకి టవర్లు కూలి, సాయంత్రం 4:18కి రాష్ట్ర గ్రిడ్ మొత్తం పడిపోయింది. బయటి సాయం లేకుండా లేవాల్సిన ‘క్వారంటైన్’ అనే విద్యుత్కేంద్రంలో చిన్న యూనిట్ నడిచింది. దాంతో పెద్దదాన్ని లేపబోతే, ట్రాన్స్‌ఫార్మర్ లాగిన కరెంటుకి బ్రేకర్ ట్రిప్పయింది.

అందుకే కంప్యూటర్ నమూనాలో ఇనుము సంతృప్తమయ్యే వక్రరేఖ ఉండి తీరాలి. ఫ్యాక్టరీ పరీక్ష సాధారణంగా 110 శాతం వోల్టేజి దగ్గరే ఆగుతుంది. ఆ పైన డిజైన్ కొలతల్నుంచి అంచనా కట్టుకోవాల్సిందే. మిగిలిన అయస్కాంతత్వమెంతో తెలియదు గనక స్విచ్ క్షణాన్నీ దాన్నీ మార్చి మార్చి, పాచికలు వేసినట్టు, వందలసార్లు నడుపుతారు. వీలైతే అసలు జనరేటర్నీ ట్రాన్స్‌ఫార్మర్నీ ముందే కలిపి, వోల్టేజిని నెమ్మదిగా పెంచుతారు. నాకు నచ్చే ఉపాయం ఇదే.

ట్రాన్స్‌ఫార్మర్ కింద వేలాడే లోడూ లెక్కలోకి రావాలి. తెలంగాణలో 2018 జనవరి 1న వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు, పంపు మోటార్లని వాటంతటవే లేపే ఆటోస్టార్టర్లు తీసేయమని రైతులకి ఊరూరా చెప్పారు. మోటార్లు ఆగకుండా నడిస్తే భూగర్భజలాలు అడుగంటుతాయన్న మాట అలా ఉంచితే, అవి ఉంటే కరెంటు రాగానే మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి మరి. టూంగాబీలో, జనవరి వేసవి సాయంత్రం, ఆ పని ఏసీలు చేస్తాయి.