మీకు తెలుసా? నాంపల్లి స్టేషన్‌లో గుర్రు పెడుతున్న 75 వాట్ల బల్బు!

రాత్రి రైలు కోసం నాంపల్లి స్టేషన్‌కి వచ్చి, సంచి తలకింద పెట్టుకుని నిద్రపోతున్న పెద్దమనిషిని చూశారా? ఏ పనీ చేయట్లేదు అనుకుంటున్నారు కదూ! 65 కిలోల మనిషి ఊరికే పడుకున్నా ఒళ్లు ఖర్చుపెట్టే శక్తి సుమారు 75 వాట్లు! పాతకాలం గుండు బల్బు ఒకటి వెలుగుతున్నట్టే! అదే విశ్రాంతి మెటబాలిజం.

మరి ఆ బల్బు కాంతిని మనమే పెంచుకోవచ్చా? కాస్త దగ్గరికి రండి, చెబుతా!

ముందు మన భీమవరం బిడ్డ సంగతి! ఒంట్లో ఆ శక్తిని అందించే చిల్లర డబ్బు ఏటీపీ. 1929లో దాన్ని కనిపెట్టినవాళ్లలో మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు! ఒంట్లో ఎప్పుడు చూసినా అది గుప్పెడే ఉంటుంది. దాన్నే తిప్పి తిప్పి వాడుకుంటాం. ఎంతనుకున్నారు? కదలకుండా కూర్చున్నా రోజుకు సుమారు 40 కిలోలు!

అబిడ్స్‌లో ప్యాంటు కొనబోతే నడుము రెండంగుళాలు పెరిగిందా? "వయసు మీద పడింది, మెటబాలిజం తగ్గింది" అనేస్తాం. పాపం వయసు! ఒంటి పరిమాణంతో సరిచూస్తే 20 ఏళ్ల నుంచి 60 దాకా అది దాదాపు ఒక్కలాగే ఉంటుందని 2021లో తేలింది! నెపం వేయడానికి ఇంకోటి వెతుక్కోవాలి!

అసలు వీరులు ఎవరో తెలుసా? రెడ్‌హిల్స్‌లో నిలోఫర్ ఆసుపత్రికి టీకాల కోసం తల్లి చంకనెక్కి వచ్చే ఏడాది పిల్లలు! ఒంటి పరిమాణాన్ని బట్టి చూస్తే పెద్దవాళ్ల కంటే 50 శాతం ఎక్కువ ఖర్చు చేస్తారు! ఆ ఒక్క విషయంలో వాళ్లతో పోటీ వద్దు.

ఇరానీ చాయ్ తాగితే ఒళ్లు వేడెక్కుతుంది, కొవ్వు కరుగుతుంది అంటారు. అబద్ధం కాదు! రెండు కప్పుల్లో ఉండేపాటి కెఫీన్‌కి మెటబాలిజం 3, 4 శాతం పెరుగుతుంది. రెండున్నర గంటలు! ఆగండి, పొంగిపోకండి. నేను లెక్క వేశాను. మొత్తం కలిపి ఐదారు కేలరీలు! చాయ్‌లో ఒక్క చెంచా చక్కెరే 20 కేలరీలు! ఇక పక్కనున్న ఉస్మానియా బిస్కెట్ ఊసెత్తకండి.

జిమ్‌కి వెళ్లి కండ పెంచితే? పెరుగుతుంది, నిజమే! కానీ కిలో కండ ఊరికే కూర్చున్నప్పుడు రోజంతా కలిపి తినేది 13 కేలరీలు! అంతే! నెలల తరబడి ఇనుము ఎత్తి రెండు కిలోలు సంపాదిస్తే చెంచాడు చక్కెరకు కాస్త పైన. (ఎత్తడం మానకండి. ఎత్తేటప్పుడు అయ్యే ఖర్చు వేరే!) గుండె, మూత్రపిండాలు మాత్రం ఘనులు. కిలోకి 440 కేలరీలు! ఏం లాభం? వాటిని జిమ్‌లో పెంచలేం!

గ్యారంటీగా పెంచే సహజ మార్గం ఒకటుంది. జ్వరం! ఒక్క డిగ్రీ సెల్సియస్ పెరిగితే 10 శాతం పైనే! మనకొద్దు లెండి.

పప్పు, గుడ్డు, చికెన్‌లోని ప్రోటీన్ తమాషా చూడండి! 100 కేలరీల ప్రోటీన్ తింటే, దాన్ని అరిగించడానికే 20 నుంచి 30 ఖర్చయిపోతాయి! హలీం మీద తేలే నెయ్యికి ఆ బాధ లేదు. నేరుగా నడుముకే!

కడుపు మాడ్చుకుంటే? బల్బే మసకబారుతుంది! అమెరికాలో బరువు తగ్గే టీవీ పోటీలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షించారు. చాలా బరువు తిరిగొచ్చింది. మెటబాలిజం మాత్రం ఉండాల్సిన దానికంటే రోజుకు సుమారు 500 కేలరీలు తక్కువే!

ఇక దాచిపెట్టిన ముక్క! అబిడ్స్ చీరల దుకాణంలో పొద్దంతా మడతలు విప్పుతూ, మళ్లీ పెడుతూ, బీరువాలు ఎక్కి దిగే కుర్రాడున్నాడు. అదే ఒడ్డూ పొడుగూ ఉన్న ఇంకొకడు గల్లాపెట్టె దగ్గర కదలడు. వ్యాయామం లెక్కే లేదు. ఇలాంటి చిన్నచిన్న కదలికల వల్లే ఇద్దరి మధ్య తేడా రోజుకు 2,000 కేలరీల దాకా ఉండొచ్చు! కాలు ఊపడం కూడా ఇందులోదే! "కాళ్లూపకురా, దరిద్రం" అని అమ్మమ్మ తొడ మీద చరిచేది గుర్తుందా? ఇప్పుడు ఊపండి! అమ్మమ్మ చూడకుండా!