విషవాయువు పట్టు వీడే క్షణం

మా శ్రీరాంపూర్ బొగ్గు గనుల ఊరు. గనిలో పనికి దిగేవారికి రెండు వాయువులంటే భయం. ఒకటి మండే మీథేను. రెండవది కార్బన్ మోనాక్సైడు. దీనికి రంగూ లేదు, వాసనా లేదు. బొగ్గు తనంతట తాను వేడెక్కి రాజుకొన్నా, పేలుడు జరిగినా ఇది పుడుతుంది. ఇది మనిషినెందుకు చంపుతుంది?

ఇనుముతో పొత్తు

రక్తంలోని హీమోగ్లోబిన్, కండరాల్లోని మయోగ్లోబిన్ మాంసకృత్తులు, అంటే ప్రోటీన్లు. రెండింటిలోనూ హీమ్ అనే బిళ్ల వంటి భాగముంది. దాని నడుమ ఒక ఇనుప పరమాణువు ఉంటుంది. ఆక్సిజన్ వచ్చి కూర్చునేది ఆ ఇనుము మీదనే. కార్బన్ మోనాక్సైడు కూడా అక్కడికే వస్తుంది. హీమోగ్లోబిన్‌తో దాని పట్టు ఆక్సిజన్ పట్టుకన్న 200 రెట్లకు పైగా గట్టిది. చోటు నిండిపోతే ఆక్సిజనుకు తావెక్కడ?

గని ప్రమాదాలను పరిశోధించిన బ్రిటిషు శాస్త్రజ్ఞుడు జాన్ స్కాట్ హాల్డేన్ 1890లలోనే ఒక వింత గమనించాడు. వెలుతురు తగిలితే ఈ వాయువు హీమోగ్లోబిన్ నుండి విడిపోతుంది! మరి విడిపోయే క్షణాన లోపల ఏం జరుగుతుంది? అది చూడటానికి మరో వందేళ్లకు పైగా పట్టింది.

కదిలేదాన్ని చూడటమెలా?

1958లో జాన్ కెండ్రూ ఎక్స్-కిరణాలతో మయోగ్లోబిన్ నిర్మాణాన్ని కనుగొన్నాడు. కాని అది కదలకుండా నిలబడి తీయించుకొన్న ఫోటో వంటిది. బంధం తెగే వేగాన్ని ఫెమ్టోసెకన్లలో కొలవాలి. సెకనును లక్ష కోట్ల భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని మళ్లీ వెయ్యి చేస్తే ఒక ఫెమ్టోసెకను. సెకను ముందు ఫెమ్టోసెకను ఎంతో, 3 కోట్ల సంవత్సరాల ముందు సెకను సుమారుగా అంత!

2009లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ వద్ద ఎక్స్-కిరణ లేసరు పనిచేయసాగింది. ఎలక్ట్రాన్లను దాదాపు కాంతి వేగంతో పరుగెత్తించి, ధ్రువాలు మార్చి మార్చి పేర్చిన అయస్కాంతాల నడుమ పంపుతారు. అవి మెలికలు తిరుగుతూ ఎక్స్-కిరణాలను వెదజల్లుతాయి. ఒక్కొక్క మెరుపు కొద్ది ఫెమ్టోసెకన్ల నుండి కొన్ని పదుల ఫెమ్టోసెకన్ల వరకే ఉంటుంది. ఆ తాకిడికి స్ఫటికం ఛిద్రమైపోతుంది. అయితే అంతకు ముందే దాని చిత్రం పరికరానికి అందుతుంది.

కుండ ఎలా పగులుతుందో చూడాలనుకోండి. ఒకే మాదిరి కుండలు ఎన్నో తెచ్చి, ఒక్కొక్కదాన్ని పగులగొడుతూ ఒక్కొక్క క్షణాన ఫోటో తీసి, వరుసగా పేరిస్తే సినిమా అవుతుంది. ఇక్కడా అంతే. సన్నని ధారలో మయోగ్లోబిన్ స్ఫటికాలు వస్తుంటాయి. మొదట మామూలు లేసరు వెలుతురు తగిలి కార్బన్ మోనాక్సైడు ఊడుతుంది. లెక్కకట్టిన వ్యవధి తరువాత ఎక్స్-కిరణ మెరుపు చిత్రం తీస్తుంది.

ఏం కనబడింది?

2015లో ఫలితాలు వెలువడ్డాయి. బంధం తెగిన 500 ఫెమ్టోసెకన్లలోపే మయోగ్లోబిన్ అంతా కదిలింది! స్ప్రింగులా చుట్టుకొన్న భాగాలు కొన్ని హీమ్ నుండి దూరంగా జరిగాయి, కొన్ని దగ్గరకు వచ్చాయి. నులకమంచంలో ఒక పేట తెగితే అల్లికంతా సడలినట్లు, ఒక్క బంధం తెగితే అణువంతటికీ ఆ సంగతి తెలిసిపోయింది. మాంసకృత్తు బిగుసుకొన్న బొమ్మ కాదన్నమాట.

దీనివల్ల విషవాయువుకు మందు దొరికిందనుకోవద్దు. వెలుతురు ఒంటి లోపలి రక్తానికి చాలినంత చేరదు. బాధితుణ్ణి మంచి గాలిలోకి చేర్చి, వెంటనే ఆక్సిజన్ ఇవ్వడమే నేటికీ చికిత్స. కాని ఊపిరిని మోసే అణువులు ఎలా పట్టుకొంటాయో, ఎలా వదులుతాయో మొదటిసారిగా ఇంత దగ్గరగా చూడగలిగాం.

చివరిగా ఒక లెక్క. కాంతి సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. 500 ఫెమ్టోసెకన్లలో ఎంత పోతుంది? చేసి చూడండి. జవాబు 0.15 మిల్లీమీటరు రావాలి.