శుభం కార్డు పడని సినిమా

పోయిన నెల ఒక సాయంత్రం స్టవ్ మీద పాలగిన్నె పెట్టి పక్కనే నిలబడ్డాను. ఊరికే నిలబడటమెందుకని ఫోన్ తీశాను. బోరు మోటారు విప్పి వైండింగ్ చుడుతున్న మనిషి, మిర్చి యార్డులో ఎర్రటి కుప్పలు, ఎవరిదో సీమంతం, ఒక హీరోగారి ముప్పై ఏళ్ల కిందటి స్టెప్పు. నా మోచేతికి జానెడు దూరంలో పాలు పొంగి, స్టవ్ దాటి గట్టు మీదికి కారాయి. మాడువాసన హాల్లోకి చేరాక అమ్మ గొంతు వినిపించింది: "ఏరా, పాలకి కాపలా ఉన్నావా, ఫోనుకా?"

ఇలాంటివాటిని మనం మనోబలం లేకపోవడం కింద జమకట్టేస్తాం. నాకు మనోబలం తక్కువన్న మాట నిజమే గానీ, అసలు చిక్కు అక్కడ లేదు. ఆ తెరకి చివరంటూ లేదు.

పాత సినిమా అయిపోతే "శుభం" అని కార్డు పడేది, జనం చీకట్లో కాళ్లతో చెప్పులు వెతుక్కునేవాళ్లు. వారపత్రికలో సీరియల్ కింద "సశేషం" అని ఉండేది. హీరోయిన్ లోయలో వేలాడుతున్నా సరే, వచ్చేవారం దాకా ఆమెకి గానీ మనకి గానీ చేయగలిగింది లేదు. పేపరుకి ఆఖరి పేజీ ఉండేది, ఆ తర్వాత అది పకోడీల పొట్లం. ఇవన్నీ మనల్ని లేపి పంపించే ఏర్పాట్లని అప్పుడు తెలియలేదు.

2006లో అజా రాస్కిన్ అనే డిజైనర్ "తర్వాతి పేజీ" నొక్కే పనిని తప్పించాడు. కిందికి జరుపుతూ పోతే కొత్త సరుకు దానంతటదే వచ్చి చేరుతుంది. వాడేవాళ్ల శ్రమ తగ్గించాలన్నదే ఆయన ఉద్దేశం. కొన్నేళ్లకి ఆయనే బహిరంగంగా బాధపడ్డాడు. పశ్చాత్తాపం మాత్రం పేజీ పేజీగానే వచ్చినట్టుంది.

చివర లేకపోవడం ఒక్కటే అయితే ఎప్పటికో విసుగు పుట్టి లేచేవాళ్లం. ఇందులో గాలం కూడా ఉంది. చెరువుగట్టున గాలం వేసినవాడికి ప్రతిసారీ చేప పడితే గంటలో బుట్ట సర్దుకుంటాడు. అసలు పడకపోయినా సర్దుకుంటాడు. ఎప్పుడు పడుతుందో తెలియకపోతేనే పొద్దుగూకేదాకా కూర్చుంటాడు. అమెరికన్ మనస్తత్వవేత్త స్కిన్నర్ దీన్ని పావురాల మీద చూశాడు. ముక్కుతో పొడిస్తే గింజ రావాలి, ఎన్ని పొడుపులకి వస్తుందో మాత్రం అంతుపట్టకూడదు. పావురం పొడుస్తూనే ఉంది, గింజలు ఆపేశాక కూడా చాలాసేపు వదల్లేదు. ఫెర్‌స్టర్‌తో కలిసి ఆయన ఇదంతా 1957లో పుస్తకంగా వేశాడు. మనకి వచ్చే పది వీడియోల్లో తొమ్మిది చెత్తగా ఉన్నాయంటే అది యాప్ లోపం అనుకోనక్కర్లేదు. పదోది గింజలా కనిపించడానికి ఆ తొమ్మిదీ కావాలి.

యాప్ తీసేస్తే పోతుందా? మన దేశం మొత్తం ఒకసారి ఆ ప్రయోగం చేసింది. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ని నిషేధించారు. జూలై 8న ఇన్‌స్టాగ్రామ్ ఇక్కడ రీల్స్ మొదలుపెట్టింది. బొటనవేళ్లకి దొరికిన సెలవు తొమ్మిది రోజులు. అలవాటు ఎక్కడికీ పోలేదు, ఇల్లు మారిందంతే.

అందుకని ముందు చెయ్యి ఎప్పుడు ఫోన్ మీదికి పోతోందో చూసుకోవాలి. ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి, ఫోన్ తీసినప్పుడల్లా కారణం రాశాను. "ఓటీపీ." "టైం చూద్దామని" (చేతికి వాచీ ఉంది). "లిఫ్ట్ ఇంకా రాలేదు." వారం తిరిగేసరికి అన్నిటికంటే ఎక్కువసార్లు కనిపించిన మాట "ఊరికే". రీల్స్ చూడాలని ఫోన్ తీసిన సందర్భం ఒక్కటీ లేదు. రెండు నిమిషాల ఖాళీ దొరికితే చాలు, చెయ్యి జేబులోకి వెళ్లిపోతోంది.

ఈ "ఊరికే"లకి దూరం పనిచేసింది. ఛార్జర్ మంచం పక్క నుంచి హాల్లో ఫ్రిజ్ మీదికి మారింది. "మరి అలారం?" అనే సాకు మిగలకుండా గంట కొట్టే గడియారం కొన్నాను. దాని టిక్కుటిక్కుకి మొదటి రెండు రాత్రులు నిద్రపట్టలేదు, అది వేరే సంగతి. యాప్ తీసేసి, కావాలంటే ప్రతిసారీ బ్రౌజర్‌లో పాస్‌వర్డ్ కొట్టి వెళ్లేలా పెట్టుకున్నాను. పాస్‌వర్డ్ పొడుగ్గా ఉంటుంది, సగంసార్లు బద్ధకం గెలుస్తుంది. ఇన్నేళ్లకి నా బద్ధకం ఒక మంచి పనికి వచ్చింది.

పనిచేయనివీ ఉన్నాయి. రోజుకి అరగంట అని పరిమితి పెట్టాను. గడువు తీరగానే తెర మూసుకుంది, దాని కిందే "ఈ పూటకి వదిలెయ్" అనే అర్థం వచ్చే మీట కూడా ఉంది. తాళం, తాళంచెవి రెండూ దొంగ చేతిలోనే పెట్టారు. రంగులు తీసేసి తెరని నలుపు తెలుపు చేస్తే ఆకర్షణ పోతుందన్నారు. ఆవకాయ కలిపే వీడియో సిమెంటు కలుపుతున్నట్టుంది. అయినా చివరిదాకా చూశాను.

"ఇరవై ఒక్క రోజులు ఓర్చుకో, అదే పోతుంది" అనేవాళ్లు మీకూ తగిలే ఉంటారు. ఆ లెక్క 1960లో మాక్స్‌వెల్ మాల్ట్జ్ రాసిన పుస్తకం నుంచి పాకింది. ఆయన ప్లాస్టిక్ సర్జన్. ముక్కు మార్పించుకున్నవాళ్లు అద్దంలో కొత్త ముక్కుకి అలవాటుపడటానికి కనీసం మూడు వారాలు పడుతోందని గమనించాడు. రీల్స్‌కీ ముక్కుకీ ఉన్న సంబంధం ఏమిటో నాకు తెలియదు. యూనివర్సిటీ కాలేజ్ లండన్ వాళ్లు 96 మందితో చేసి 2010లో అచ్చువేసిన అధ్యయనంలో, ఒక పని అలవాటు కావడానికి 18 నుంచి 254 రోజుల దాకా పట్టవచ్చని తేలింది, మధ్యస్థం 66. అదీ నీళ్లు తాగడం, పండు తినడం లాంటివి కొత్తగా నేర్చుకోవడానికి. పాతది వదిలించుకోవడం గురించి కాదు. కాబట్టి ఇరవై రెండో రోజున మళ్లీ గంట పోగొట్టుకుంటే లెక్క మొదటికొచ్చినట్టేమీ కాదు. నిద్ర, చదువు, ఉద్యోగం దెబ్బతినేదాకా వస్తే మాత్రం ఫ్రిజ్ మీద ఛార్జర్‌తో సరిపోదు. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో 2014 నుంచే దీనికి ప్రత్యేకంగా 'షట్' క్లినిక్ నడుస్తోంది.

నిన్న సాయంత్రం పాలు పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాను. ముందు అంచున చిన్న బుడగలు, తర్వాత మీగడ మధ్యలో ఉబ్బెత్తుగా లేవడం, అప్పుడు ఒక్కసారిగా పైకి రావడం. సరిగ్గా సమయానికి మంట తగ్గించాను. చుక్క కూడా కింద పడలేదని హాల్లోకి వెళ్లి చెప్పాను. అమ్మ తలెత్తలేదు. "ఉండరా, ఈ ఒక్కటీ అయిపోనీ" అంది, బొటనవేలు పైకి జరుపుతూ.