చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, పగిలిన పైపు

"పట్టించాను సార్. కాసేపు కూడా ఆగలేదు."

విరేచనాలతో వడలిపోయిన పిల్లాణ్ణి చంకనేసుకొచ్చిన తల్లి చెప్పే మొదటి మాట ఇది. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరైనా, పట్నంలో పిల్లల డాక్టరు దగ్గరైనా మాట మారదు. ఓఆర్‌ఎస్ పొట్లం తెచ్చింది, కలిపింది, చెంచాతో పట్టించింది. మోషన్స్ మాత్రం అవుతూనే ఉన్నాయి. అంటే ఆమె లెక్కలో మందు పనిచెయ్యలేదు. వెనక నిలబడ్డ నాయనమ్మది ఇంకా గట్టి వాదన: "నీళ్లు తాపితే నీళ్లే గదమ్మా పోయేది. కడుపు మాడిస్తే అదే కట్టుకుంటుంది." లంకణం పరమౌషధం అని మనకు సామెతే ఉంది మరి.

డాక్టరు ఒక సిరప్పు రాస్తాడు, ఒక యాంటీబయాటిక్ రాస్తాడు, పిల్లాడు మరీ నీరసంగా ఉంటే సెలైన్ పెడతాడు. స్టాండుకు సీసా వేలాడి, చుక్కచుక్కగా దిగుతుంటే నాయనమ్మకు కూడా ప్రాణం కుదుటపడుతుంది. ఆ సీసాలో ఉన్నదీ ఉప్పునీళ్లే. గ్లాసుతో తాగితే 'పోయే' నీళ్లు, సూదిలోంచి ఎక్కితే వైద్యం అయిపోతాయి.

విరేచనాలను లొంగదీయడం ఎందుకింత కష్టం అని అడిగితే సూక్ష్మజీవుల కంటే ముందు ఈ గదినే చూపిస్తాను. ఓఆర్‌ఎస్ విరేచనాలను ఆపదు. ఆపడానికి దాన్ని ఎవరూ తయారు చెయ్యలేదు. పేగు ఇన్‌ఫెక్షన్లలో చాలావాటిని నాలుగైదు రోజుల్లో ఒళ్లే వదిలించుకుంటుంది. ఆలోపు ఒంట్లో నీరూ ఉప్పూ ఖాళీ అయి పిల్లాడి ప్రాణం పోకుండా చూడటమే పొట్లం పని. మనం కోరేది ఆగడం, అది చేసేది నింపడం.

పేగులో ఒక గుమ్మం

పెద్ద మనిషి చిన్నపేగులోకి రోజుకు ఎనిమిది తొమ్మిది లీటర్ల ద్రవం వచ్చి చేరుతుంది. తాగినవి, తిన్నవాటిలో ఉన్నవి, లాలాజలం, జీర్ణరసాలు అన్నీ కలిపి అంత. దాదాపు మొత్తం తిరిగి ఒంట్లోకే పోతుంది. మలంతో బయటికి వెళ్లేది పావు లీటరు కూడా ఉండదు. ఇంత పెద్ద రాకపోకల్లో చిన్న తేడా వస్తే చాలు, మనిషి మంచానికి అంటుకుపోతాడు.

కలరా అయితే ఆ తేడా వరదే. మన తెలంగాణ పల్లెల్లో కలరాను పిలిచిన 'గత్తర' అన్న మాట ఇప్పటికీ తిట్టుగా బతికుందంటే ఊళ్లను అది ఎంత భయపెట్టిందో ఊహించుకోవచ్చు. కలరా క్రిమి విడిచే విషమే పేగులోకి నీటిని తోడిస్తుందని 1959లో కలకత్తాలో శంభునాథ్ డే కుందేలు పేగుల మీద చూపించాడు. మరుసటి ఏడాది అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ క్రేన్ ఇంకో సంగతి చెప్పాడు. పేగు గోడలో సోడియం, గ్లూకోజ్ చేతులు పట్టుకుని దాటే గుమ్మం ఒకటి ఉంది. ఆ రెండూ వెళితే వాటి వెంట నీళ్లూ వెళ్తాయి. కలరా విషం మిగతా దారులను ఎంత పాడుచేసినా ఈ గుమ్మాన్ని మూయలేదు. ఓఆర్‌ఎస్‌లో తీపి రుచి కోసం వేసింది కాదన్నమాట. ఉప్పుకు అది తోడు.

ఈ జ్ఞానం పరీక్షకు నిలబడింది 1971లో. తూర్పు పాకిస్తాన్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన శరణార్థులతో సరిహద్దు దాటగానే ఉన్న బన్‌గావ్ ఆస్పత్రి నిండిపోయింది. కలరా. పడకలు చాలక నేల మీదే రోగులు, వాంతుల్లో విరేచనాల్లో కాళ్లు పెట్టుకుంటూ నడవాల్సిన పరిస్థితి. సెలైన్ నిల్వలు అయిపోవచ్చాయి. కలకత్తా నుంచి వెళ్లిన డాక్టర్ దిలీప్ మహలనబిస్ గ్లూకోజు, ఉప్పు, వంటసోడా తూచి సంచుల్లో కట్టించి, డ్రమ్ముల నీళ్లలో కలిపించాడు. నర్సులు లేరు కాబట్టి రోగుల చుట్టాలే డ్రమ్ము కొళాయి తిప్పి గ్లాసులతో పట్టుకుని తాపారు. ఆ శిబిరాల్లో నూటికి ముప్పై దాకా ఉన్న మరణాలు ఆయన చేతుల మీద నాలుగు లోపుకి దిగాయి. ఆయనకు పద్మవిభూషణ్ 2023లో వచ్చింది, పోయిన తర్వాత.

కథ అక్కడే సుఖాంతం కావాలి. 1980ల తొలినాళ్ల అంచనా ప్రకారం ఏటా 46 లక్షల మంది పసివాళ్లు విరేచనాలతో చనిపోయేవాళ్లు. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే సంఖ్య సుమారు 4 లక్షల 44 వేలు. చాలా తగ్గింది, నిజమే. కానీ చేతిలో మందు పెట్టుకుని ఇంకా ఇంతమందిని పోగొట్టుకోవడాన్ని విజయం అనడానికి నాకు నోరు రాదు.

మందు ఉన్నా జనం వాడకపోవడమనే ఈ చిక్కును బంగ్లాదేశ్ మనకంటే ముందే గుర్తుపట్టింది. 1980 నుంచి పదేళ్లపాటు బ్రాక్ సంస్థ కార్యకర్తలు కోటి ఇరవై లక్షలకు పైగా ఇళ్లకు నడిచి వెళ్లారు. పొట్లాలు పంచడానికి కాదు, కలపడం నేర్పడానికి. మూడు వేళ్లకు వచ్చినంత ఉప్పు, గుప్పెడు బెల్లం, అర సేరు నీళ్లు. తల్లి తన చేతులతో కలిపి చూపించాలి. కొన్ని వారాల తర్వాత ఇంకొకరు వచ్చి ఆమెను అడుగుతారు, ఆమె ఎంత గుర్తుపెట్టుకుంటే కార్యకర్తకు అంత జీతం. ఇంత పకడ్బందీగా చేసినా మొదట్లో ఆ నీళ్లు వాడినవాళ్లు కొద్దిమందే. కారణం వెతికితే తేలిందేమంటే, కార్యకర్తలే తమకు విరేచనాలైతే మాత్రలు మింగుతున్నారు! వాళ్లను కూర్చోబెట్టి పేగులో ఏం జరుగుతుందో విడమర్చి చెప్పాకే లెక్క మారింది. నమ్మకం లేనివాడు చెప్పిన మాట అవతలివాడి చెవి దాటదు.

ఇద్దరి మధ్య ఒక అపోహ

మన దేశంలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి విరేచనాలైన పిల్లల్లో ఓఆర్‌ఎస్ అందింది నూటికి 61 మందికి. దానితో పాటు వెయ్యాల్సిన జింక్ మాత్ర 31 మందికే. జింక్ రెండు వారాలు వెయ్యాలి. మూడో రోజుకే లేచి ఆడుకునే పిల్లాడికి పద్నాలుగో రోజు మాత్ర గుర్తుపెట్టుకుని వేసే ఇల్లెక్కడిది?

మరి మిగతావాళ్లకు ఓఆర్‌ఎస్ ఎందుకు రాయలేదు? దొరకకనా, మందులమ్మితే లాభమనా? కర్ణాటక, బిహార్లలో రెండు వేల మందికి పైగా ప్రైవేటు వైద్యుల దగ్గరికి, పిల్లాడికి విరేచనాలని చెప్పే నటులను పంపి ఒక పరిశోధన చేశారు. 2024లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. సరుకు లేకపోవడం, లాభాపేక్ష రెండూ చిన్న కారణాలుగానే తేలాయి. పెద్ద కారణం, "వచ్చినవాళ్లు ఓఆర్‌ఎస్ కోరుకోరు" అని వైద్యుడు అనుకోవడం. ఓఆర్‌ఎస్ కావాలని వచ్చినవాళ్లే అడిగితే రాసేవాళ్లు బాగా పెరిగారు. డాక్టరు రాయలేదు కాబట్టి అది మందు కాదని తల్లి అనుకుంటుంది, తల్లి మెచ్చదు కాబట్టి డాక్టరు రాయడు. ఎవరూ అబద్ధమాడని మోసం ఇది.

ఈ సందులోకి వ్యాపారం దూరింది. మందుల షాపులో ఓఆర్‌ఎస్ అడిగితే రంగురంగుల డబ్బా చేతిలో పెట్టడం మనందరికీ అనుభవమే. అసలు పొట్లంలో లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములు, అంతకు మించకూడదని లెక్కగట్టి పెట్టింది. చక్కెర మితిమీరితే పేగులోకి నీటిని లాగి విరేచనాలను ఇంకా పెంచుతుంది. ఆ డబ్బాల్లో అంతకు ఎన్నో రెట్లు చక్కెర ఉండేది, పేరులో మాత్రం ఓఆర్‌ఎస్ అక్షరాలు ఉండేవి. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దాదాపు ఎనిమిదేళ్లు పోరాడాక, 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పానీయాల పేర్లలో ఆ మాట వాడొద్దని ఉత్తర్వు ఇచ్చింది.

పొట్లం సరైనదే తెచ్చినా ఇంకో తంటా ఉంది. లీటరు పొట్లమైతే మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి. పిల్లాడు తాగేది అర గ్లాసేగా అని చెంచాడు పొడి తీసి గ్లాసులో వేస్తాం, మిగతాది మడతపెట్టి డబ్బాలో దాస్తాం. గ్లాసు చిన్నదైతే ఉప్పు ఎక్కువైపోతుంది, పెద్దదైతే చాలదు. లీటరు వాటర్ బాటిల్ ఒకటి దగ్గరుంటే చాలు. కలిపింది ఒక రోజు దాటితే పారబోయాలి. గంజి, మజ్జిగ, పెరుగన్నం, తల్లిపాలు ఏవీ మాన్పించొద్దు. కళ్లు లోపలికి పోయినా, పసిబిడ్డ మాడు గుంటపడినా, ఉచ్చ పోయడం తగ్గినా, విరేచనంలో రక్తం కనిపించినా ఇంట్లో కూర్చోకూడదు.

వచ్చే దారులు ఎన్నో

అసలు రాకుండా చేసుకుంటే పోలేదా? అక్కడా చిక్కే. విరేచనాలు ఒక జబ్బు పేరు కాదు, డజన్ల కొద్దీ క్రిములు తట్టే ఒకే తలుపు. మన కోల్‌కతాలోనూ, మొత్తం ఏడు దేశాల్లోనూ పిల్లలను పరీక్షించి 2013లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో రోటావైరస్, క్రిప్టోస్పోరిడియం, ఒక రకం ఈ-కోలి, షిగెల్లా ముందు వరసలో నిలిచాయి. వీటిలో క్రిప్టోస్పోరిడియం క్లోరిన్‌కు లొంగదు. జిగట విరేచనాలు తెచ్చే షిగెల్లా అయితే వంద లోపు క్రిములు లోపలికి వెళ్లినా చాలు, అంటే గోటి సందులో మురికి చాలు.

రోటావైరస్‌కు టీకా ఉంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో పసికందుల నుంచి దొరికిన వైరస్ రకంతో హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసిన రోటావాక్ చుక్కల మందు 2016లో ప్రభుత్వ టీకాల్లో చేరింది. మొదట మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. మంచి టీకాయే. కానీ మన దగ్గర జరిపిన పరీక్షల్లో తీవ్రమైన రోటా విరేచనాలను సగానికి కాస్త ఎక్కువగా మాత్రమే ఆపింది. సంపన్న దేశాల్లో రోటా టీకాలు ఎనభై, తొంభై శాతం ఆపుతాయి. పుట్టినప్పటి నుంచీ రకరకాల క్రిములతో సతమతమయ్యే పేగులో టీకా సరిగా నాటుకోదని ఒక వివరణ. మురికిని ఆపడానికి వేసిన చుక్కను ఆ మురికే ఓడిస్తోందన్నమాట.

పోనీ మరుగుదొడ్లు? ఒడిశాలోని పూరీ జిల్లాలో వంద గ్రామాలు తీసుకుని సగం ఊళ్లలో కట్టించి చూశారు. మరుగుదొడ్లున్న ఇళ్లు 9 శాతం నుంచి 63 శాతానికి పెరిగాయి. పిల్లల విరేచనాలు మాత్రం రెండు రకాల ఊళ్లలోనూ దాదాపు ఒకేలా ఉన్నాయి. కట్టినవన్నీ వాడలేదు, వాడిన ఇంట్లోనూ అందరూ వాడలేదు. పక్కింటాయన చెంబు పట్టుకుని పొలం వెళ్తుంటే మన ఇంటి తలుపు ఒక్కటీ గడియ వేసి ఏం లాభం? పైగా పసిపిల్లల దొడ్డి మనకు అసలు మురికే కాదు. గుడ్డతో తుడిచి వాకిట్లో కాలవలోకి జాడిస్తాం. రోటావైరస్ సోకిన పసివాడి మలంలో గ్రాముకు వందల కోట్ల వైరస్‌లు ఉంటాయి.

నల్లాకు మోటారు

మన రాష్ట్రాల్లో అతిసారం వార్త వచ్చిన ప్రతిసారీ వేలు చూపించేది పైపు వైపు. 2009 మేలో హైదరాబాద్‌లోని ముషీరాబాద్ పక్కన భోలక్‌పూర్‌లో నల్లా నీళ్లలో మురుగు కలిసి వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు, పది మందికి పైగా చనిపోయారు. 2024 అక్టోబర్‌లో విజయనగరం జిల్లా గుర్లలో అదే కథ. ఎంతమంది పోయారన్న లెక్క మీదే నాయకులు కొట్టుకున్నారు. షుగరో కిడ్నీ జబ్బో ఉన్న పెద్దాయన విరేచనాలై పోతే ఆ చావు ఏ పద్దులో రాయాలి?

పైపు ఎలా చంపుతుందో దగ్గరగా చూద్దాం. మన ఊళ్లలో నీళ్లు రోజుకు గంటో, రెండు రోజులకోసారో వదులుతారు. నీళ్లు నిండుగా ఒత్తిడితో పోతుంటే పైపుకు చిల్లి ఉన్నా నీళ్లు బయటికే కారతాయి. ఆపేశాక పైపు ఖాళీ. పక్కనే మురుగు కాలవ. చాలా వీధుల్లో రెండూ జానెడు దూరంలో ఉంటాయి, కొన్నిచోట్ల పైపు కాలవలోనే మునిగి ఉంటుంది. ఖాళీ పైపు ఆ చిల్లిలోంచే మురుగు తాగుతుంది. ఇక నీళ్లు వదిలిన గంటలో ధార సన్నగా వస్తోందని మనం నల్లాకు నేరుగా మోటారు బిగిస్తాం. మోటారు లాగేది నీళ్లనే అనుకుంటాం. అది చిల్లి ఎక్కడుంటే అక్కణ్ణించి లాగుతుంది, పక్కింటివాళ్లకు కూడా కలిపి. ట్యాంకు దగ్గర పరీక్ష చేస్తే క్లోరిన్ బాగానే ఉంటుంది. వీధి చివరి నల్లా దగ్గర పరీక్షిస్తే క్లోరిన్ ఉందని చెప్పే పసుపు రంగు వస్తుందో లేదో చూసేవాళ్లు ఎందరు?

అతిసారం వచ్చాక మాత్రం అందరూ వస్తారు. కాలవ గట్టు పొడుగునా ముగ్గు వేసినట్టు తెల్లగా బ్లీచింగ్ చల్లుతారు. ఫొటోలో బాగుంటుంది. మట్టి కింద పైపులో ఉన్నదానికి ఆ ముగ్గుతో సంబంధం లేదు.

అలాగని రోజంతా నీళ్లిస్తే చాలా? కర్ణాటకలో హుబ్లీ-ధార్వాడలో కొన్ని వార్డులకు 24 గంటల నీళ్లిచ్చి చూశారు. నీళ్లు శుభ్రపడ్డాయి, టైఫాయిడ్ తగ్గింది, పేద ఇళ్లలో రక్త విరేచనాలు తగ్గాయి. పిల్లల విరేచనాలు మొత్తంగా చూస్తే పెద్దగా తగ్గలేదు. చేతులు, ఈగలు, బిందెలో ముంచే గ్లాసు వాటి పని అవి చేస్తూనే ఉన్నాయి.

మా వీధిలో నీళ్లు వచ్చేది తెల్లవారుజామున అయిదింటికి. ఎదురింటి పెద్దమ్మ మొదట వచ్చే నీళ్లు బిందెకు పట్టదు. బకెట్ పెట్టి, వాసన చూసి, మందార చెట్టుకు పోస్తుంది. రెండో బకెట్టూ చెట్టుకే. ఆగిన పైపులో మురికి పేరుకుని మొదటి ధారతోనే ఎక్కువగా కొట్టుకొస్తుందని ఇంజినీర్లు కొలిచి చెప్పిన సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. మూడో బకెట్ అప్పుడు బిందె కిందికి జరుపుతుంది. పక్కింట్లో మోటారు మోగడం మొదలవగానే గబగబా బిందె తీసేస్తుంది.