స్వల్పకాల జపాను యాత్రకు ఒక సన్నాహము

మన తీరప్రాంతపు పెద్దలకు జపాను అనే మాట మొదట విమానాల హోరుగా వినిపించింది. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు కురిపించినప్పుడు విశాఖ ప్రజలు అనేకులు ఇండ్లు విడిచి లోపలి ఊళ్లకు తరలిపోయినారు. నేటి విద్యార్థులకు అదే జపాను మోటారు వాహనాల దేశము, బొమ్మల చలనచిత్రాల దేశము. కిందటి సంవత్సరం మా తరగతిలోని ఒక విద్యార్థి, "సార్, వారం రోజుల్లో జపాను సంస్కృతిని చూడవచ్చునా?" అని అడిగినాడు. అతని అన్నగారు అక్కడ ఉద్యోగంలో ఉన్నారట, ఒక్కసారికి టిక్కెట్టు కొని పంపుతామన్నారట. ఆ ఒక్కసారి వ్యర్థం కారాదని అతని ఆరాటం. మేము జపాను చూచినవారము కాము. అయినను చదివి, పోయి వచ్చినవారిని అడిగి, ఒక ప్రణాళిక వ్రాసి ఇచ్చినాము. దానిని తోటి విద్యార్థుల ముందు కూడా ఉంచుతున్నాము.

వారం రోజుల్లో ఒక దేశాన్ని చూడడం ఎవరితరము కాదు. ఒక ప్రశ్నకు సమాధానం వెదకడం మాత్రం సాధ్యమే. ఇందుకు మన రాష్ట్రాల చరిత్రలోనే ఒక మంచి ఉదాహరణ ఉన్నది. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ గారి మనుమడు సయ్యద్ రాస్ మసూద్ గారు హైదరాబాదు సంస్థానంలో విద్యాశాఖ డైరెక్టరుగా ఉండగా 1922లో జపాను వెళ్లినారు. అంతకు కొద్ది సంవత్సరాల ముందు, 1918లో, ఉర్దూ బోధనాభాషగా ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. పాశ్చాత్య శాస్త్రాలను సొంత భాషలో చెప్పుకొంటూనే ఆ దేశం ఎట్లు పైకి వచ్చినదన్నది మసూద్ గారి ప్రశ్న. జపాను విద్యావిధానాన్ని గురించి ఆయన వ్రాసిన నివేదిక 1923లో అచ్చయినది. ఆయన చెర్రీపూలు చూడలేదని కాదు. చూచినదంతా ఒక ప్రశ్న చుట్టూ చేర్చుకొన్నారు. తెలుగు, ఉర్దూ రెండూ చదివే మన విద్యార్థులకు ఆ ప్రశ్న పరాయిది కాదు.

మా విద్యార్థికి మేము సూచించిన ప్రశ్న దానికి దగ్గరి చుట్టమే. బయటినుండి వచ్చినదానిని జపాను ఏమి చేసికొన్నది? ఈ దృష్టితో చూస్తే దారి దానంతట అదే ఏర్పడుతుంది.

ఋతువు సంగతి ముందు చూడాలి. మన వేసవి సెలవులు కలిసివస్తాయని జూన్ నెలలో బయలుదేరితే అక్కడ వానలకాలం. ఏప్రిల్ చివర, మే మొదట వారికి వరుస సెలవులు, రైళ్లు కిటకిటలాడుతాయి. మార్చి చివర నుండి ఏప్రిల్ తొలి రోజుల వరకు పూలు, నవంబరులో ఎర్రబారిన ఆకులు. మా ఓటు నవంబరుకే.

టోక్యోలో దిగి, ఒసాకా నుండి తిరుగు విమానం ఎక్కడం మేలు. పోయిన దారినే వెనుకకు రానక్కరలేదు. 1964లో ప్రారంభమైన షింకాన్‌సెన్ రైలు టోక్యో, ఒసాకాల మధ్య 515 కిలోమీటర్లను ఇప్పుడు సుమారు రెండున్నర గంటల్లో దాటుతుంది. విదేశీ యాత్రికులకు దేశమంతటా చెల్లే ఏడు రోజుల రైలు పాసు ధరను 2023 అక్టోబరులో 29,650 యెన్ల నుండి 50,000 యెన్లకు పెంచినారు. కాబట్టి ఈ ఒక్క దారికి విడి టిక్కెట్టే చవక. పాత పుస్తకాలు చూచి పాసు కొనేవారు నష్టపోతారు.

టోక్యోకు రెండు రోజులు చాలును. ఉయెనోలో జాతీయ ప్రదర్శనశాల ఉన్నది. అక్కడికి సమీపంలోనే, అంగళ్ల సందడి నడుమ, తోకుదైజి అనే ఆలయంలో మారిషితెన్ అనే దేవతను కొలుస్తారు. ఈ పేరును గుర్తుంచుకొనవలసిందిగా పాఠకులను కోరుతున్నాము. తరువాత మూడు రోజులు క్యోటోకు ఇవ్వాలి. పట్టణమంతా తిరగాలనే ఆశ వదలుకొని, రోజుకు రెండు చోట్లు మాత్రమే చూడాలి. ర్యోఆన్‌జి ఆలయపు రాతితోటలో 15 రాళ్లున్నవి. వసారాలో ఎక్కడ కూర్చున్నా ఏదో ఒకటి కంటికి అందదు. అక్కడ ఒక గంట ఊరక కూర్చోవడానికి వీలులేని ప్రణాళిక ప్రణాళికే కాదు. తేనీటి గదికి వంగి దూరవలసినంత చిన్న వాకిలి ఉంటుంది. తేయాకు చైనానుండి వచ్చినదే. ఆ వంగడం మాత్రం వారిది.

క్యోటోకు గంటలోపు ప్రయాణంలో నారా. తోదైజి ఆలయంలో సుమారు 15 మీటర్ల కంచు బుద్ధవిగ్రహం ఉన్నది. 752లో దానికి కన్నులు తెరిపించిన ఆచార్యుడు భారతదేశమునుండి వెళ్లిన బోధిసేనుడు. అక్కడి ఆలయాల్లో, శ్మశానాల్లో నిలిపిన చెక్క పలకల మీద నేటికీ సిద్ధం లిపిలో సంస్కృతాక్షరాలు కనిపిస్తాయి. ఆ లిపికీ మన తెలుగు లిపికీ బ్రాహ్మియే మూలము. అంతకన్న ఆశ్చర్యకరమైనది వారి వర్ణమాల వరుస: అ, ఇ, ఉ, ఎ, ఒ, ఆపైన క, స, త, న. సంస్కృత వర్ణక్రమాన్ని తమ ఉచ్చారణకు సరిపడేటట్లు అమర్చుకొన్నారు. మన ఒకటో తరగతి పిల్లవానికి కూడా ఆ వరుస సగం వచ్చినట్లే.

భోజనం విషయంలో మనవారు జాగ్రత్త వహించాలి. శాకాహార మనుకొన్న పులుసులో కూడ తరచు ఎండుచేపల రసం ఉంటుంది. శాకాహారులు బౌద్ధాలయాల్లో వడ్డించే శోజిన్ భోజనం అడగడం మంచిది. చేపలు తినే ముస్లిం విద్యార్థికి వేరొక చిక్కు: వంటలో మిరిన్, సాకే అనే మద్యాలు కలుపుతారు. అడిగితే దాచరు, అడగాలి. చివరి పూట కోబె వెళ్లవచ్చు. అక్కడ 1935లో ప్రారంభమైన మస్జిదు జపానులో మొట్టమొదటిది. భారతీయ వర్తకుల విరాళాలు కూడా అందులో ఉన్నవి. 1945 బాంబుదాడులనూ, 1995 భూకంపాన్నీ తట్టుకొని నిలిచింది.

ఇక మారిషితెన్. అది మన మారీచి పేరే. ఆ దేవతను చూడడానికి టోక్యోకు ముందు పోవలసిన చోటు శ్రీకాకుళానికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, వంశధార దక్షిణపు గట్టున, గార మండలంలో ఉన్న శాలిహుండం. 1919లో గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు ఈ బౌద్ధక్షేత్రాన్ని వెలుగులోకి తెచ్చినారు. తవ్వకాల్లో స్తూపాలు, చైత్యాలతోపాటు తార, మారీచి మొదలైన విగ్రహాలు లభించినవి. మరీచి అంటే కిరణము. అరసవల్లి సూర్యుని రథానికి ఏడు గుర్రాలున్నట్లే, శిల్పశాస్త్రం ప్రకారం మారీచి రథానికి ఏడు వరాహాలు. సముద్రాలు దాటి జపాను చేరేసరికి ఆమె యోధుల ఇలవేలుపైనది. క్యోటోలోని జెన్‌క్యోఆన్ అనే ఆమె ఆలయంలో నేటికీ వరాహాల బొమ్మలే కాపలా కాస్తున్నవి.

ఈ సంగతి చెప్పి, శాలిహుండం చూచినవారు చేతులెత్తండని తరగతిలో అడిగినాము. నలుగురు ఎత్తినారు. జపాను వెళ్లవలసిన కుర్రవాడు ఆ నలుగురిలో లేడు. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత అతనికి చెప్పకుండానే, ప్రణాళికలో మొదటి రోజును కొట్టివేసి, "ఉదయం ఎండ ఎక్కకముందు శాలిహుండం కొండ, మధ్యాహ్నం కళింగపట్నం సముద్రతీరం" అని వ్రాసినాము. టిక్కెట్టు రాని తక్కిన విద్యార్థులు కూడా ఆ ఒక్క రోజు యాత్రకు పేర్లు ఇచ్చినారు. అన్నం మూటలు ఎవరివి వారు తెచ్చుకోవాలి.